కోటి డిగ్రీలూ నాగప్ప బొటనవేలూ

నాగప్ప చేతికి గ్లవుజులు తొడిగించడం మా ల్యాబులో ఎవరి వల్లా కాలేదు. నెలకొక పెట్టె వస్తుంది. అందులోంచి ఒకదాన్ని ఆయన గ్రీజు డబ్బాకు మూతగా కట్టాడు. ఒకదాన్ని కారుతున్న కుళాయికి చుట్టాడు. ఇంకొకదానిలో పాత స్క్రూలు పోసి, ముడివేసి, గోడ మేకుకు తగిలించాడు. ఫ్యాను తిరిగినప్పుడల్లా అది అయిదు వేళ్లూ ఆడిస్తూ ఉంటుంది. చేతికి మాత్రం తొడగడు.

"గ్లవుజు ఏసుకుంటే చేతికి కండ్లు మూసినట్ల గాదా?" అంటాడు. పద్మక్క వాదనకు దిగితే, "నువ్వు కండ్లకు గుడ్డ కట్టుకోని పరీచ్చలు రాసినావామ్మా?" అని ఎదురడుగుతాడు. ఆమె అయిదేళ్లుగా పరిశోధన చేస్తున్న మనిషి. ఈయన ఏడో తరగతి. అయినా ఆ ప్రశ్నతో ఆమె గ్లవుజుల పెట్టెను మళ్లీ బల్ల మీద పెట్టేస్తుంది.

నేను అక్కడ ఊడుస్తాను, గాజు సామాను తోముతాను, చీకటి గదిలో ఫిల్ములు కడుగుతాను. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో అమ్మ మంచాన పడితే చదువు మానేశాను. మూడేళ్ల తర్వాత ఈ కాలేజీలోకి చీపురుతో వచ్చాను. మాట్లాడటం తక్కువ కాబట్టి నన్ను ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోని చోట చూడటానికి తీరిక దొరుకుతుంది. ఈ నాలుగేళ్లలో నేను ఎక్కువగా చూసింది నాగప్పనే. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు వచ్చేది విసుగు. అందుకే విసుగుతోనే మొదలుపెట్టాను.

ముందు మెషిన్ సంగతి చెప్పాలి. అది పెళ్లిళ్లలో అన్నం వండే గుండిగంత స్టీలు పాత్ర. నాగప్ప దాన్ని 'కుండ' అంటాడు. దాని మధ్యలో ఒక రాగి గొట్టం నిలబడి ఉంటుంది. పంపు పెట్టి కుండలో గాలినంతా పీకేసి, కొంచెం ఆర్గాన్ వాయువు వదులుతారు. గది అవతల వరుసగా ఉన్న కెపాసిటర్లలో పదిహేను వేల ఓల్టుల కరెంటు నింపి, ఒక్కసారిగా కుండలోకి వదిలేస్తారు. మేమంతా గోడ వెనక ఉంటాం. 'టప్' అని చప్పుడు. అంతే. ఆ చప్పుడులో లోపల ఒక మెరుపు గొట్టం చుట్టూ పైకి పాకి, కొసన వాయువునంతా ఆవగింజ కంటే చిన్న చోటికి నలిపేస్తుంది. అక్కడ కోటి డిగ్రీల వేడి పుడుతుంది. అది నిలిచేది రెప్పపాటులో కోటో వంతు.

అంత వేడిలోకి ఏ థర్మామీటరు పెడతారు? పెట్టేలోపు అది ఉండదు. దాని నుంచి బయటికి వచ్చేది కంటికి కనపడని ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రేను రంగు రంగుగా విడదీసి ఫిల్ము మీద పడేస్తే సన్నని నల్ల గీతలు వస్తాయి. ఏ గీత ఎక్కడ ఉందో చూస్తే లోపల కాలింది ఏ పదార్థమో తెలుస్తుంది. ఏది ఎంత నల్లగా ఉందో చూస్తే వేడి తెలుస్తుంది. గీత ఎంత లావుందో చూస్తే లోపల అణువులు ఎంత ఇరుగ్గా నలిగాయో తెలుస్తుంది. ఫిల్ములు ఆరేసేటప్పుడు పద్మక్క నాకు ఇవన్నీ చెప్పింది. "ఆర్గాన్ ఎవరితోనూ కలవదు, నీ మాదిరే," అని ఎగతాళి కూడా చేసింది.

మెరుపు గొట్టం చుట్టూ సమంగా పాకాలి. గొట్టం అంచు మీద ఎక్కడైనా కంటికి కనపడనంత ముల్లు లేచి ఉన్నా అది ఆ పక్కకే ఒరిగిపోతుంది, నలపదు. అందుకని రోజూ పొద్దున కుండ తెరిచి, గొట్టాన్ని ఆకురాయితో రుద్ది, శుభ్రం చేసి, అంచు చూడాలి. నాగప్ప చూసేది కళ్లతో కాదు. కుడి బొటనవేలితో. కళ్లు మూసుకొని, వేలిని అంచు మీద ఒక్క చుట్టు, ఆయన మాటలో ఒక 'సుత్తు', తిప్పుతాడు. ఎక్కడో ఆగుతాడు. "ఈడ," అంటాడు. పద్మక్క భూతద్దం పెట్టి చూస్తే అక్కడ ముల్లు ఉంటుంది. తప్పిన రోజు నేను చూడలేదు. ఆ మాట ఆయనే రోజూ చెప్పకుండా ఉంటే ఇంకా బాగుండేది.

ఆయనది గుమ్మఘట్ట పక్క పల్లె. తెలుగు, కన్నడం రెండూ వచ్చు. కోపం వస్తే రెండూ కలిసి వస్తాయి. రాయదుర్గంలో బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. నీళ్లు లేని బోరులో మోటారు తిప్పితే కాలక ఏమవుతుంది? కాబట్టి ఊరంతా ఏడ్చే ఏడాది ఆయనకు చేతినిండా పని. పద్దెనిమిదేళ్ల కింద ఈ ల్యాబులో పంపు మోటారు కాలిపోయింది. అమ్మినవాళ్లు మూడు నెలలు పడుతుందన్నారు. అప్పటి పెద్ద సారు ఎవరో చెప్పగా నాగప్పను పిలిపించాడు. రెండు రోజుల్లో మోటారు తిరిగింది. మూడో రోజు ఆయన, "సార్, గాలి నింపే పంపు సూసినా, నీళ్లు తోడే పంపు సూసినా. గాలి పీకేదెందుకు సార్?" అని అడిగాడు. సారు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం అయ్యేసరికి రాయదుర్గం ఆఖరి బస్సు పోయింది. నెల తిరక్కముందే నాగప్ప అక్కడ కొట్టుకు తాళం వేసి, భార్య బయమ్మను తీసుకొని అనంతపురం వచ్చేశాడు. ఆ సారు రిటైరైపోయాడు. నాగప్ప ఉన్నాడు. ఉద్యోగం పర్మినెంటు కాదు, ఏడాదికొకసారి కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాడు. మెషిన్ గది తాళాలు ఆయన మొలతాడుకే ఉంటాయి.

ఆ గది మీద ఆయన పెత్తనం ఎంతంటే, పోయిన దసరాకు ఆఫీసువాళ్లు ఆయుధపూజ చేద్దామని పసుపు కుంకుమలు, బూడిదగుమ్మడికాయ పట్టుకొని వస్తే గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల గాలి గూడా ఉండగూడదని పొద్దుగూకులూ పంపు తిప్పుతాండాము. మీరొచ్చి పసుపు పూస్తారా? పోండప్పా, మీ కంప్యూటర్లకు పూసుకోండి."

"దేవునికి కోపమొస్తాది నాగప్పన్నా," అన్నాడు అటెండరు పుల్లన్న.

"ఈ మిషను సంగతి ఆయప్పకు ఎరుకే. నీకే తెలీదు."

పూజ వరండాలో జరిగింది. గుమ్మడికాయ కూడా అక్కడే పగిలింది. రెండు రోజులు నేను ఆ వరండా కడిగాను.

పోయినేడు దాకా మెషిన్‌కు కన్ను లేదు. ఎక్స్‌రే వచ్చిందా లేదా, ఎంత వచ్చింది, అంతవరకే తెలిసేది. గీతలుగా విడదీయాలంటే పలచని అభ్రకం రేకు వంచి పెట్టాలన్నాడు గంగాధర్ సార్. ఇప్పుడు ల్యాబు ఆయనదే. అభ్రకాన్ని ఎక్కడా మెట్టు పడకుండా వెంట్రుకంత పలచగా చీల్చాలి. వర్క్‌షాపువాళ్లు పదకొండు ముక్కలు పాడుచేసి చేతులెత్తేశారు. నాగప్పది మోటార్లలో, ఇస్త్రీపెట్టెల్లో అభ్రకం పెట్టిన చెయ్యి. అంచున ఒక నీటి చుక్క వేశాడు, సూది మొన దూర్చాడు, బొటనవేలి గోరుతో నెమ్మదిగా లేపాడు. రెండో ముక్కకే గాజుపొరలాంటి రేకు లేచింది. ఇక ఆ ఏడాదంతా వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ, "మిషనుకు కన్ను పెట్టింది నేనేనప్పా," అని చెప్పుకున్నాడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరుకు కూడా చెప్పాడు.

ఈ ఏప్రిల్‌లో ఆ కన్ను మీదే గొడవ మొదలైంది.

పద్మక్క పరిశోధనలో ఆఖరి కొలత మిగిలింది: వాయువు ఎంత ఇరుగ్గా నలిగిందో చెప్పే ఒక గీత లావు. ఒక సోమవారం పొద్దున గంగాధర్ సార్ దీపం పెట్టె మీద ఫిల్ము పరిచి, ముక్కు దాని మీద ఆనేలా వంగాడు.

"ఇది ఆర్గాన్. ఇదీ ఆర్గాన్. మనం కొలవాల్సిన గీత ఇది. దీని భుజానికి ఆనుకోని కూర్చుండేది ఎవరు?"

"కాల్షియం సార్," అంది పద్మక్క. "ఈ పక్కన పొటాషియం. ఆ చివర సన్నంగా కనపడేది క్లోరిన్. అది దూరంగా ఉండాది, దాంతో పేచీ లేదు. కాల్షియంతోనే సార్. రెండు గీతలూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి లావుగా కనిపిస్తాండాయి. లావు ఎవరిదో చెప్పలేము."

"కుండలోకి కాల్షియం యాడనుంచి వస్తాది?"

నాగప్ప నవ్వాడు. "అనంతపురంలో కాల్షియం యాడనుంచి వస్తాదని అడగతారేంది సార్? మా ఇంటికొచ్చి చెంబు సూడండి, లోపల సున్నం కొట్టినట్ల ఉంటాది. మన నోట్లో పండ్లు సూడండి. మన ఎముకలు సూడండి."

"అయితే గొట్టం కడిగేది కుళాయి నీళ్లతోనా?"

"డిస్టిల్డు నీళ్లే సార్!"

"ఎవరు చూసినారు? యాడ రాసిపెట్టినావు? అన్నీ నీ చేతుల్లోనే, దేనికీ కాగితం ఉండదు." సార్ ఫిల్మును పక్కకు తోశాడు. "పద్మప్రియ రిపోర్టు వచ్చే సోమవారం పోవాల. శుక్రవారం సాయంత్రానికి శుభ్రమైన ఫిల్ము చూపించు నాగప్పా. లేకుంటే తాళాలు వర్క్‌షాపుకు ఇచ్చేయి. వాళ్లు గ్లవుజులేసుకోని, కాగితం రాసుకోని నడుపుతారు. నువ్వు కింద స్టోర్సులో కూర్చో."

నాగప్ప చెయ్యి మొల దగ్గరికి పోయి తాళాలు పట్టుకుంది. వాటిని అలాగే గుప్పిట్లో పట్టుకొని బయటికి పోయాడు. స్టోర్సంటే విరిగిన బల్లలూ పాత బీకర్లూ. మెషిన్ చప్పుడు అక్కడికి వినపడదు.

మంగళవారం ఆర్గాన్ సిలిండరు మార్చారు. గీతలు అలాగే ఉన్నాయి. నాగప్ప బ్యాటరీలకు పోసే నీళ్ల డబ్బా కొత్తది తెచ్చి, సీలు అందరికీ చూపించి, మా ముందే గొట్టం కడిగాడు. గీతలు అలాగే ఉన్నాయి. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వు ఫిల్ములు కడిగే నీళ్లే బాగలేవేమో."

నాకు ఒళ్లు మండింది. నీళ్లు బాగలేకపోతే ఫిల్ము మీద మచ్చలు పడతాయి, గీతలు పడవు. కాల్షియం కూర్చునే చోటే తూచినట్టు గీత గీయడానికి నీళ్లకేమైనా చదువొచ్చా? ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నా మాటలు ఎప్పుడూ అక్కడే ఆగుతాయి.

కానీ చీకటి గదిలోకి పోయి, తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేసిన ఫిల్ముల్ని మళ్లీ చూశాను. నేను వాటిని ఎప్పుడూ వరసలోనే వేస్తాను: అయిదు పేలుళ్లకు ఒక ఫిల్ము, రోజుకు నాలుగు. సోమవారం మొదటి ఫిల్ములో ఆ దొంగ గీతలు కాటుక పెట్టినట్టున్నాయి. రెండోదానిలో కొంచెం తగ్గాయి. సాయంత్రం ఫిల్ములో వెతుక్కోవాలి. మంగళవారం పొద్దున మళ్లీ కాటుక. అంటే ఆ మురికి పేలుడుకు ఇంత, పేలుడుకు ఇంత కాలిపోతోంది. మళ్లీ పొద్దున ఎవరో కొత్తగా పెడుతున్నారు. పొద్దున కుండ తెరిచేది ఒక్కరే.

బుధవారం నాగప్ప మధ్యాహ్నం దాకా రాలేదు. తాళాలు ముందు రోజు సాయంత్రమే పద్మక్క చేతిలో పెట్టి, రేషన్ కార్డుకు వేలిముద్ర కావాలని వార్డు సచివాలయానికి పోయాడు. అది మూడోసారి. వైండింగు తీగలూ ఆకురాళ్లూ కలిసి ఆయన బొటనవేలి గీతల్ని ఎప్పుడో అరగదీశాయి, అక్కడి మిషన్‌కు ఆ వేలు కనపడదు. ఆయన లేకపోవడంతో పద్మక్కే గ్లవుజులు తొడుక్కొని కుండ తెరిచి, గొట్టం శుభ్రం చేసి పెట్టింది. ఆ పొద్దుటి ఫిల్ము నేను కడిగి దీపానికి ఎత్తి పట్టుకుంటే కాల్షియం లేదు, పొటాషియం లేదు. చివర ఉండే సన్నని క్లోరిన్ కూడా లేదు. పద్మక్క ఎగిరి గంతేయబోయి ఆగింది. ఆర్గాన్ గీతలు కూడా ఉండీ లేనట్టున్నాయి. మెరుపు నలపలేదు.

నాగప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు. వేలిముద్ర ఆ రోజు కూడా పడలేదట. సంగతి విని కుండ తెరిపించాడు. కళ్లు మూశాడు, వేలు తిప్పాడు, ఆగాడు.

"ఈడ. ముల్లు. గ్లవుజులేసుకోని సూసినావు గదామ్మా, యాడ కనపడతాది?" ముఖమంతా వెలుగు. "నేను ల్యాకపోతే ఇదీ మీ కత."

ముల్లు రుద్దేశాడు. నుదుటి చెమటను బొటనవేలితో ఒక్క గీటున లాగి విదిలించాడు. మళ్లీ అంచు చుట్టూ వేలు తిప్పి, "ఇప్పుడు సూడు ఆట," అని మూత వేశాడు.

నేను చూసింది ఆటను కాదు, ఆయన నుదుటిని. రోజూ మూడు పట్టీల విభూది ఉంటుంది. ఇప్పుడు నడిమి పట్టీ సగం లేదు.

ఆ ఫిల్ములో ఆర్గాన్ నిగనిగలాడింది. దాని భుజాన కాల్షియం, పక్కన పొటాషియం, నిన్న పొద్దుటి కాటుకలాగే. పద్మక్క ఫిల్మును బల్ల మీద పడేసి తల పట్టుకుంది. గ్లవుజులు వేస్తే మురికి లేదు, నలుపుడూ లేదు. వేలు పెడితే నలుపుడు ఉంది, మురికీ ఉంది. ఆమె ఇంకా అంతదాకా ఆలోచించలేదు. నేను ఆలోచించాను, నాకు చెప్పే నోరు లేదు. అయిదేళ్ల చదువు ఒక పక్క, పద్దెనిమిదేళ్ల తాళాలు ఒక పక్క. చెప్తే ఆయన పోతాడేమో. చెప్పకపోతే శుక్రవారం ఎలాగూ పోతాడు.

చివరికి టీ గ్లాసు ఆయన చేతికిస్తూ ఒక్క మాట అడిగాను.

"నాగప్పన్నా, మీ విభూది దేంతో చేస్తారు?"

ఆయన మురిసిపోయాడు. "కొన్నదనుకుంటివా? బయమ్మే చేస్తాది. మా ఆవు పేడ పిడకలు ఎండేసి, కాల్చి, ఆ బూడిదను పాత పంచెతో మూడుసార్లు జల్లిస్తాది. మైదా మాదిరి ఉంటాది. నీకూ రొంత తెచ్చిస్తాలే."

పద్మక్క బల్ల దగ్గర రాస్తున్న పెన్ను ఆగింది. తల ఎత్తి ఆయన నుదుటిని చూసింది, తర్వాత వేలిని, తర్వాత నన్ను.

"బూడిద," అంది. "అన్నా, బూడిదంటే కాల్షియం, పొటాషియమే గదా!"

ఆయనకు అర్థమవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒప్పుకోవడానికి మాత్రం పట్టింది.

"పసుపు కుంకుమ గడప దాటనీలేదే నేను! దేవుని గుమ్మడికాయనే బయట పగలగొట్టిచ్చినా. నేను మురికి పెట్టినానా? నా ఏలా?" ఆ తర్వాత కన్నడంలో ఏవో అన్నాడు. టీ తాగలేదు. "పద్దెనిమిదేండ్ల నుంచి ఇదే ఏలు. అప్పుడు ల్యాని మురికి ఇప్పుడు యాడనుంచి వచ్చె?"

"అప్పుడూ ఉన్నింది అన్నా. చూసే కన్ను లేదు. నువ్వే గదా పెట్టింది."

ఆ మాట ఆయనకు తగిలింది. గ్లాసు కిటికీలో పెట్టి పోయాడు.

గురువారం నాతో మాట్లాడలేదు. పలకరిస్తే గోడ వైపు తిరిగాడు. పద్మక్క ఒక ఉపాయం చెప్పింది: విభూది మానమంది. "బయమ్మ ముప్పై ఏండ్ల నుంచి తన చేత్తో పెట్టి పంపిస్తాది. బోసి నుదురుతో బయటికొస్తే ఇంట్లో ఎవురు పోయినారని అడగతారు వీధిలో," అన్నాడు. సరే, చెయ్యి కడుక్కోమంది. కడుక్కున్నాడు, సబ్బుతో, మోచేతుల దాకా. కుళాయికీ కుండకూ మధ్య ఎనిమిది అడుగులు. నాలుగో అడుగులో బొటనవేలు నుదుటి మీదికి పోయి చెమట గీటింది.

"అన్నా!"

మళ్లీ కడుక్కున్నాడు. మళ్లీ గీటాడు. మూడోసారి పద్మక్క వెంట నడిచింది, చేతిని చూస్తూ. కుండ దాకా బాగానే వచ్చాడు. వేలు అంచు మీద పెట్టే ముందు, ఆలోచించేటప్పుడు చేసే అలవాటుగా, నుదుటిని ఒకసారి రుద్దుకున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పద్మక్క మాత్రం నిజంగానే కళ్లు తుడుచుకుంది.

"తలకు తువ్వాలు కట్టుకోరాదా?"

కట్టుకున్నాడు. తువ్వాలు జారి మెడలో పడింది. దాన్ని తీసి, దాంతోనే చెయ్యి తుడుచుకున్నాడు. ఆ రోజు ఫిల్ముల్లో దొంగ గీతలు తగ్గాయి గాని పోలేదు.

"నువ్వు వేలు పెట్టినాక అసిటోన్‌తో తుడిచేస్తా అన్నా, అంతే," అంది పద్మక్క సాయంత్రం.

"నా ఏలు తిరిగిన తావును ఇంగొకరు తుడుస్తారా? ఎంగిలి తుడిచినట్లనా?" తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఇంత చిన్న పని. ఒక గుడ్డ, ఒక తుడుపు. దీనికి పద్మక్క చదువునూ తన బతుకునూ పణం పెట్టి కూర్చున్నాడు. ఆ రాత్రి నేను అన్నం కూడా విసుగ్గానే తిన్నాను.

శుక్రవారం పొద్దున ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. నుదుట మూడు పట్టీలు, ఎప్పటిలాగే. కుండ తెరిచి ఉంది. గొట్టం రుద్దడం అయిపోయింది. నేను చీపురు పట్టుకొని గుమ్మంలో ఆగాను. ఆయన కళ్లు మూసుకొని వేలు తిప్పాడు, ఒకచోట ఆగి రుద్దాడు, మళ్లీ తిప్పాడు. కళ్లు తెరిచి, గొట్టం వైపే చూస్తూ అన్నాడు.

"పాపా, చీపురు ఆడ పెట్టు. గ్లవుజులు ఏసుకో."

పెట్టెలో రెండే మిగిలాయి. మిగతావి ఎక్కడున్నాయో చెప్పాను కదా.

నాలుగేళ్లలో ఆయన ఆ గొట్టాన్ని నన్ను ముట్టనివ్వలేదు. పద్మక్క కూడా ముట్టింది బుధవారం ఆయన లేకపోబట్టే. నేను పోగులు రాని గుడ్డను అసిటోన్‌లో తడిపి, అంచు చుట్టూ ఒకే వైపుకు తుడిచాను. "వత్తొద్దు. పసిబిడ్డ నోరు తుడిచినట్ల," అన్నాడు. రెండో గుడ్డతో మళ్లీ తుడిచాను. మూడోదానితో కూడా. అప్పటికి పద్మక్క వచ్చి గుమ్మంలో నిలబడింది, చెప్పుల చప్పుడు కూడా కాకుండా.

"అయింది," అన్నాను.

"ఏదీ, రొంత సూస్తా." బొటనవేలు లేచింది.

"వద్దు," అన్నాను.

"ఒక్క సుత్తు పాపా. గుడ్డ పోగు తగులుకోనిందేమో."

"వద్దన్నా కదా!"

అంత గట్టిగా నేను మా ఇంట్లో కూడా అరవలేదు. గది మొత్తం మోగింది. నాగప్ప వేలు గాలిలోనే ఆగిపోయింది. నేను మూత రెండు చేతులతో ఎత్తి కుండ మీద పెట్టేశాను. పద్మక్క ఉరికి వచ్చి బోల్టులు బిగించింది. ఆయన ఆ వేలిని ఏం చేయాలో తెలియక కొంచెంసేపు చూసుకొని, జేబులో పెట్టుకున్నాడు.

పంపు తిరిగింది. ఆర్గాన్ వదిలారు. అయిదు పేలుళ్లు. చప్పుడు వింటేనే నాగప్పకు తెలిసిపోతుంది, నలిగిందో లేదో. అయిదోదానికి, "బాగుండాది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

చీకటి గదిలో ఆ ఫిల్మును కడిగేటప్పుడు నిమిషాల లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. సాయంత్రం గంగాధర్ సార్ వచ్చి దీపం పెట్టె మీద వంగాడు. ఆర్గాన్ గీతలు నల్లగా నిలబడి ఉన్నాయి. కొలవాల్సిన గీత భుజాన ఎవరూ లేరు. సార్ ఒకసారి, పద్మక్క ఒకసారి, మళ్లీ సార్ ఒకసారి చూశారు.

"ఇది ఏంది, ఈ చివర?"

"క్లోరిన్ సార్. మొదటి నుంచీ ఉండేదే. మనకు అడ్డం రాదు."

"యాడనుంచి?"

పద్మక్క నాగప్ప వైపు చూసింది. అసిటోన్‌కు ఉప్పు కరగదని ఆమె నాకు తర్వాత చెప్పింది. చెమట ఉప్పు, క్లోరిన్ దాంట్లోదే.

నాగప్ప దగ్గరికి వచ్చి, ఆ సన్నని గీతను చూశాడు. జేబులోంచి వేలు తీసి దాన్ని కూడా చూసుకున్నాడు. "మూడుసార్లు తిరిగినా సచివాలయంలో ఆ డబ్బాకు కనపడలేదు సార్ ఈ ఏలు. దీనికి మాత్రం బాగా కనపడ్య."

సార్ నవ్వలేదు గాని ఫిల్మును పద్మక్క చేతికిచ్చాడు. "రిపోర్టులో ఇది పెట్టమ్మా." మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగాడు. "సోమవారం ఎన్ని గంటలకు తెరుస్తావు నాగప్పా?"

"ఎనిమిదికి సార్."

"రోజూ ఏం చేస్తావో కాగితం మీద ఉండాల. ఈసారి తప్పదు."

"పాప రాస్తాది," అన్నాడు నాగప్ప, నన్ను అడగకుండానే.

రాశాను. పాత నోటుపుస్తకంలో, పెద్ద అక్షరాలతో, కుండ పక్కన గోడకు తగిలించాను. మొదట నాగప్పన్న బొటనవేలితో అంచు చూడాలి. తర్వాత గ్లవుజులతో, అసిటోన్ గుడ్డతో మూడుసార్లు తుడవాలి. తుడిచినాక ఎవరూ ముట్టుకోరాదు.

సోమవారం ఆయన దాన్ని వేలు పెట్టి కూడబలుక్కొని చదివాడు. మొదటి మాట బాగుందన్నాడు. రెండోది ఒప్పుకున్నాడు. మూడోదాని దగ్గర ఆగి, "ఈడ 'నాగప్ప తప్ప' అని రాయి పాపా," అన్నాడు.

రాయలేదు. ఇప్పటికి రెండు నెలలైంది. రోజూ పొద్దున మూత వేసే ముందు ఆ మాట అడుగుతూనే ఉన్నాడు. నేను మూత వేస్తూనే ఉన్నాను.